తిమింగిలమును చంపక తెలిసికొనుట

తిమింగిలమను మాటకు తిమియను మహామత్స్యమును మ్రింగునదియని యర్థము. ఆ తిమింగిలమును సైతము మ్రింగునది తిమింగిలగిలమట! మ్రింగుటను బట్టియే మన పూర్వులు దానికి పేరిడిరి. చూచి యిడిరో, విని యిడిరో చెప్పజాలము. మన పాఠశాలలోని చిన్న తరగతులవారిని యోనాను మ్రింగినదేది యని యడిగినచో తడవుకొనక తిమింగిలమని చెప్పుదురు. గ్రంథమందున్నది గొప్ప మత్స్యమనియే. తిమింగిలము మత్స్యము కానే కాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లను కని, పాలిచ్చి పెంచు జంతువు. ఇంత పెద్ద జంతువును గూర్చి మనుష్యుడెరిగినది మిక్కిలి స్వల్పము. ఎరిగినదానిలోను పెద్ద పాలు వేటకాండ్రు ఓడమీదికి లాగిన కళేబరములను కోసి తెలిసికొన్నదే. చంపినవారే దానికి చరిత్రకారులైరి.

బ్రదికియున్న తిమింగిలమును చంపక, పట్టక, వీలయినంతవరకు బెదరింపక, దాని మేనినుండి గోరంత ముక్కను గ్రహించు పద్ధతులు ఈ నలువదేండ్లలో బాగుగా వృద్ధిపొందినవి. ఇది తగునా తగదా యని వాదించువారు కలరు. ఒక పక్షమువారు స్వేచ్ఛగా దిరుగు మృగమును తాకుటయే దోషమందురు. రెండవ పక్షమువారు అంత పెద్ద శరీరమునకిది దోమకాటు పాటియైనను కాదని త్రోసివేయుదురు. ఈ రెండు మాటలును నాకు సమ్మతములు కావు. ఎందుచేతనో చెప్పుటకే ఈ వ్యాసము.

ఆ ముక్క యెందుకు కావలెనో ముందుగా చెప్పవలయును. తిమింగిలము నీటిపైకి వచ్చి, ఊపిరి విడిచి, వీపు చూపి, తోకయెత్తి మునిగిపోవును. మనకు కనబడునది ఆ కొన్ని క్షణములే. అది పోతో పెంటియో పడవమీదనుండి చాల జాతులలో పోల్చలేము. చూలుతో నున్నదా, దాని తల్లి యెవరు, ఈ సముద్రమునందలి మందకును ఆ సముద్రమునందలి మందకును చుట్టరికము కలదా, మనము పొలములలో చల్లిన డి.డి.టి. వంటి విషములు దాని కొవ్వులో నెంత చేరినవి—వీనిలో నొక్కటియు కంటికి కానరాదు. చర్మము చెప్పును; చర్మము క్రింది కొవ్వు చెప్పును. చర్మమునందలి డి.ఎన్.ఏ. వలన ఆ జంతువెవరో, ఆడదో మగదో, ఏ తల్లి సంతతిదో తెలియును. కొవ్వునందలి హార్మోనులవలన చూలు తెలియును.

ముక్కను తీయు విధమిది. తుపాకివలె భుజమునకాన్చి వదలెడి విల్లొకటి యుండును. దాని బాణపు మొనకు బదులుగా బోలుగానున్న చిన్న ఉక్కుగొట్టమును బిగింతురు. గొట్టము పెన్సిలంత లావు. లోపలివైపున సన్నని కొక్కెములు. గొట్టము వెనుక నొక యడ్డుబిళ్ళ యుండుటచే బాణము రెండు మూడు సెంటీమీటర్లకంటె లోపలికి పోజాలదు. అది జంతువు ప్రక్కను తాకి, గొట్టములో పట్టినంత చర్మమును కొవ్వును కోసికొని, అడ్డుబిళ్ళ తాకుడుచేత వెనుకకెగిరి నీటబడి తేలుచుండును. పడవలోనివారు వలతో దానిని తీసికొందురు. గొట్టమును ముందే శుద్ధిచేసి యుంచవలయును. తలవైపు వేయరాదు, వీపురెక్కకు క్రిందుగా ప్రక్కనే వేయవలయును. పెద్ద తిమింగిలముల కొవ్వుపొర చాల మందము గావున గాయము కండను చేరదు. రిచర్డ్ లాంబర్ట్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు పెద్ద తిమింగిలములకై ఇట్టి సాధనమును 1987లో వర్ణించి ప్రకటించెను. చిన్నవగు డాల్ఫినులకు బలము తగ్గింపవీలగు తుపాకులు తరువాత వచ్చినవి.

బాణము వేయువాని నేర్పుకంటె పడవ నడుపువాని నేర్పే ముఖ్యమని నా యభిప్రాయము. ఎదురుగా పోరాదు; తరుమరాదు; మాటిమాటికి వేగము మార్చరాదు. వెనుక ప్రక్కనుండి మెల్లగా దానితోపాటు సాగి, అది తన దారిని తాను పోవుచుండగా పని ముగించి తొలగిపోవలయును. రెండు మారులు తప్పినచో మూడవమారు వెంబడింపక విడిచిపెట్టుటయే మేలు. ఇట్లనుటకు కారణము కలదు. వెస్టిండీసు దీవులచెంత మూపురపు తిమింగిలముల ప్రవర్తనను క్లాపమ్, మాటిలా అనువారు పరిశీలించి 1993లో వ్రాసిరి. నూటికి నలువదికి పైగా సందర్భములలో ఆ జంతువులు ఏ మార్పును చూపలేదు; చాల సందర్భములలో కొంచెము తోక విసరుటయో, తటాలున మునుగుటయో మాత్రమే. బాణము తగులక ప్రక్కన నీటిలో పడినప్పుడును కొన్ని యులికిపడినవి! గాయము లేకున్నను బెదురు కలదన్నమాట. కావున గాయమును మాత్రమే లెక్కించి మేము నొప్పింపలేదనువారు సగము లెక్క చెప్పినవారగుదురు.

ఇంత చేసి సంపాదించినదేమి? ఉత్తర అట్లాంటిక్ సముద్రమున పలుదేశముల పండితులు కలిసి 3,060 చర్మపుముక్కలను సేకరించి పరీక్షింపగా, అవి 2,368 వేర్వేరు మూపురపు తిమింగిలములవని తేలెను. తక్కిన 692 ముక్కలు ముందు చూచినవానివే మరల వచ్చినవి. ఎన్ని క్రొత్తవి, ఎన్ని పాతవి యను లెక్కనుబట్టి ఆ సముద్రమున సుమారు 7,698 కలవని గణించి 1997లో ప్రకటించిరి. మెడకు గంట కట్టలేదు, తోకకు రేకు తగిలింపలేదు. వాని పుట్టుకతో వచ్చిన గురుతే గురుతయ్యెను.

మనకు మరి దగ్గరి యుదాహరణము అరేబియా సముద్రమునది. మూపురపు తిమింగిలములు లోకమందంతట వేసవిలో ధ్రువప్రాంతములకు పోయి మేసి, చలికాలమున ఉష్ణజలములకు వచ్చి యీనును. అరేబియా సముద్రపు మంద మాత్రము ఎక్కడికిని పోదు. ఒమాన్ తీరమున మేయును, అక్కడనే ఈనును. ఆ మందలోని 67 ముక్కలను పరీక్షించి 2014లో వెల్లడించినదేమనగా, ఈ మంద దక్షిణ హిందూమహాసముద్రపు వంశమునుండి చీలి సుమారు 70,000 సంవత్సరములుగా ఒంటరిగా నున్నది. మొత్తము లోకమున ఇంత యేకాంతముగా నున్న తిమింగిలముల గుంపు మరియొకటి కలదో లేదో! ఒమాన్ తీరమున వాని సంఖ్య యెంతయని వేసిన యంచనా 82 మాత్రమే.

ఈ మందనుగూర్చిన తొలి జ్ఞానమెట్లు వచ్చినదో చదువరులు వినవలయును. 1965, 1966 సంవత్సరములలో సోవియట్ ఓడలు నిబంధనలకు విరుద్ధముగా అరేబియా సముద్రమున ప్రవేశించి 242 మూపురపు తిమింగిలములను చంపినవి. వానిలో దాదాపన్నియు 1966 నవంబరులోనే చంపబడినవి. ఆ సంగతి చాలకాలము మరుగుపడియుండి, మిఖలేవ్ అను శాస్త్రజ్ఞుని వ్రాతవలన 1997లో బయటపడెను. చంపిన తల్లుల కడుపులలోని పిండముల కొలతలనుబట్టి ఇవి ఉత్తరార్ధగోళపు ఋతువుల ననుసరించి యీనునవి, దక్షిణమునుండి వలసవచ్చినవి కావు అని గ్రహించిరి. ఆ జ్ఞానము నిజమైనదే. దానిని నేడు మనము వాడుకొనుచున్నాము కూడ. కాని 242 ప్రాణములు తీసి తెలిసికొన్నదానికంటె 67 గోటిముక్కలవలన తెలిసినది తక్కువయని చెప్పగలవారెవరు? నేడు మిగిలినవాని యంచనాను, నాడు చంపినవాని లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నా కోపమునకు కారణము పాఠకులకు బోధపడును.

శాస్త్రము పేరిట చంపుట అంతటితో నాగలేదు. అంతర్జాతీయ తిమింగిల సంఘము వ్యాపారార్థమైన వేటను మాన్పుటకు 1982లో తీర్మానించెను. ఆ యొప్పందమునందే పరిశోధనకొరకు చంపుటకు అనుమతి నీయవచ్చునను నిబంధన యొకటి యున్నది. దాని నాధారము చేసికొని జపాను దేశము 1987 మొదలు అంటార్కిటికా సముద్రమున చంపుచు వచ్చెను. వయస్సు తెలియుటకు చెవిలోని గుబిలి పొరలు లెక్కింపవలెననియు, ఆహారము తెలియుటకు కడుపు కోయవలెననియు వారి వాదము. ఆస్ట్రేలియా వ్యాజ్యము తేగా హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము 2014 మార్చి 31న తీర్పు చెప్పెను: ఆ కార్యక్రమము పరిశోధనార్థమని యిచ్చిన యనుమతులు ఆ నిబంధనక్రిందికి రావు. పండ్రెండుగురు న్యాయాధిపతులు ఒక వైపు, నలుగురు మరియొక వైపు. 2005 మొదలు సుమారు 3,600 మింకీ తిమింగిలములు చంపబడినను వెలువడిన శాస్త్రఫలితము పరిమితమని న్యాయస్థానము గుర్తించెను. చంపక తెలిసికొను పద్ధతులు చాలునేమోయని ఆ దేశము తగినంతగా విచారింపలేదనియు తప్పుపట్టెను. నాకు ముఖ్యముగా తోచినది ఈ కడపటి మాటయే. జపాను 2019లో ఆ సంఘమును విడిచి, తన తీరజలములలో వ్యాపారపు వేటనే బహిరంగముగా మొదలుపెట్టెను. పరిశోధనయను ముసుగు తీసివేయుట ఒక విధమున మేలేయనవచ్చును. ఇప్పుడు వాదము మాంసమును గూర్చియే, విద్యను గూర్చి కాదు. గుబిలికై చంపుట యనవసరమని శాస్త్రమే చూపుచున్నది: చర్మపు డి.ఎన్.ఏ.లో వయస్సుతోపాటు కలుగు మార్పులనుబట్టి మూపురపు తిమింగిలముల యేండ్లను అంచనావేయవచ్చునని 2014లోనే నిరూపించిరి. ఆహారమును గూర్చియు చర్మమును కొవ్వును చాలవరకు చెప్పును.

ఇక దోమకాటు పాటియైనను కాదనువారి మాట. దక్షిణాఫ్రికాలో పీటర్ బెస్ట్ అను పండితుడును తోడివారును రైట్ తిమింగిలములలో బాణము వేయబడిన తల్లులు తరువాతి కాలమున ఎట్లు ఈనుచున్నవో గమనించి, వాని సంతతికి లోపము కలుగలేదని 2005లో వ్రాసిరి. ఇది ధైర్యమిచ్చు మాటయే. కాని 2000లో ప్రకటితమైన మరియొక వృత్తాంతము కలదు. జొవాన్ని బెయార్జీ అను శాస్త్రజ్ఞుడు ఒక డాల్ఫినుమీద బాణము వేయగా అది యెగిరి రాక గ్రుచ్చుకొనియే యుండి, ఆ జంతువు చనిపోయెను. దాచిపెట్టిన నెవరికిని తెలియకపోవును; అతడు దానిని విపులముగా వ్రాసి ముద్రింపించెను. ఇట్టి వ్రాతలే శాస్త్రమునకు గౌరవము తెచ్చునవి. అమెరికా పడమటి తీరమున 2016లో జరిగినది మరి విచారకరము. ఎల్-95 అను గురుతుగల ఓర్కాకు దాని దారిని తెలిసికొనుటకై ఉపగ్రహయంత్రమును గ్రుచ్చిరి. మొదటిమారు గురితప్పి సముద్రమున పడిన యంత్రమును మరల పూర్తిగా శుద్ధిచేయక వాడిరి. అయిదు వారములలో అది చచ్చి యొడ్డునకు కొట్టుకొని వచ్చెను. గ్రుచ్చిన చోట బూజు రోగము పట్టి లోనికి ప్రాకి యుండెను. ఆ పని నప్పుడే ఆపివేసిరి. చర్మపుముక్క తీయుటకును యంత్రము గ్రుచ్చుటకును భేదము కలదు. అది క్షణములో తొలగును, ఇది నిలిచియుండును. అయినను ఉక్కు శుద్ధిగా నున్నదా లేదా యను చిన్న విషయముమీద ఒక ప్రాణము నిలిచియుండుట రెంటికిని సమానమే. వేలకొలది బాణములలో ఒకటి రెండు మాత్రమే ఇట్లయినవని లెక్కచెప్పువారు, సుమారు ఎనుబది మాత్రమే యున్న యొక మందలో ఆ ఒకటి యెంతయో కూడ లెక్కవేయవలయును.

బాణము తీయుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలయునని నేననుకొందును: తిమింగిలము తానై విడిచినదానిలో మనకు కావలసిన యుత్తరము దొరకునా? ఆశ్చర్యముగా చాల పర్యాయములు దొరకును. స్పెర్మ్ తిమింగిలము ఎగిరినప్పుడును మునిగినప్పుడును పాము కుబుసమువలె చర్మపుపొరలు రాలును. వెనుకవచ్చు పడవవారు వానిని వలతో నెత్తుకొందురు. ఊపిరి విడిచినప్పుడు చిమ్ము తుంపరలను చిన్న డ్రోనుకు కట్టిన పళ్ళెములలో పట్టుదురు. అది యీదిన త్రోవలోని నీటిని కొంచెము ముంచి తెచ్చిన అందులో దాని డి.ఎన్.ఏ. యుండును. ఓర్కాల విషయమున ఈ సంగతిని 2018లో నిరూపించిరి.

అన్నింటికంటె వింతయైనది పేడ. నవ్వకుడు! ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగిలములు నేడు నాలుగు వందలకు లోపే యున్నవి. బోస్టను నగరమందలి న్యూ ఇంగ్లండ్ అక్వేరియమునకు చెందిన రోజలిండ్ రోలండ్ అను వైద్యురాలు వాని పేడను సేకరించి హార్మోనులను పరీక్షింప మొదలిడెను. పేడ కొంతసేపే నీటిమీద తేలి, పిదప మునిగిపోవును. విశాలమైన సముద్రమున దానిని వెదకుటెట్లు? కుక్కలకు నేర్పిరి. ఫార్గో అను రాట్‌వైలర్ కుక్క పడవ మొనను కూర్చుండి గాలిలో వాసన పట్టి, మైలు దూరమందలి పేడవైపు తల త్రిప్పును. పడవ నడుపువాడు దాని ముక్కు చూపిన దిక్కునకు పోవును. కుక్కతో వెదకినపుడు దొరకినది కుక్క లేనప్పటికంటె నాలుగింతలకు పైగా నుండెను. తిమింగిలమునకు మాత్రము దానిని వెంబడించుచున్నారను సంగతియే తెలియదు.

ఆ పేడవలన తెలిసిన యొక సంగతిని విద్యార్థులందరును ఎరుగవలయును. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన ఘోరకృత్యము తరువాత కొన్ని దినములు ఓడల రాకపోకలు తగ్గిపోయెను. కెనడా తీరమున ఫండీ అఖాతములో నీటిక్రింది రొద 6 డెసిబెల్లులు తగ్గెను. ఆ దినములలో దొరకిన పేడయందు భయమును బాధను తెలుపు హార్మోనులు తక్కువగా నుండెను. తరువాతి సంవత్సరములలో ఓడలు యథాప్రకారము తిరుగుచుండగా ఆ తగ్గుదల కానరాలేదు. మనుష్యలోకము దుఃఖముతో స్తంభించిన ఆ నాలుగు దినములు ఆ జంతువులకు విశ్రాంతి దినములైనవి. 2012లో ఈ ఫలితమును ప్రకటించిరి. ఓడల చప్పుడు తిమింగిలములను బాధించునని యంతకుముందు ఊహించినవారు కలరు. సాక్ష్యము పలికినది పేడ. బాణము వేయబోయిన పడవవలననే బెదురు కలుగుచున్నప్పుడు, బెదురును కొలుచుటకు ఇంతకంటె తగిన పద్ధతి యేది?

అయితే పేడతో నన్నియు తీరవు. కొవ్వులో నిలువయున్న విషముల లెక్క కొవ్వుననే సరిగా దొరకును. ఊపిరి తుంపరలో సముద్రపు నీరు కలిసిపోవును. డ్రోను నిర్దోషియని కూడ అనరాదు. మరి తక్కువ ఎత్తున నెగురుచు రొదచేయునది కొన్ని జంతువులను బెదరించును. కాబట్టి నేను కోరునది ఒక వరుస: రాలినదానితో తీరినచో కోయవద్దు, కోయక తీరనిచో ఎంత కావలెనో అంతయే, ఎందరివి కావలెనో అందరివే, చంపుట యన్నది ఆ వరుసలో లేనేలేదు. ఇదివరకు తీసి భద్రపరచిన ముక్కలతో పని జరుగునేమో చూడక క్రొత్తగా పడవనెక్కువానికి అనుమతి నీయరాదనియు నా తలంపు.

ఈ సంగతులు తరగతిలో చెప్పుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "తిమింగిలము సరేయనలేదు గదండీ?" అని యడిగెను. మంచి ప్రశ్న. సృష్టిలోని జంతువులమీద మనకు అధికారమీయబడెనని చదువుకొన్నవారము మనము. ఆ యధికారము కాపరిదో కసాయిదో యను సందేహము మాత్రము ఇంకను తీరినట్లు లేదు. తిమింగిలమునకు సరేయనుటకును కాదనుటకును నోరులేదు. నోరులేనివాని పక్షమున నడుగవలసిన ప్రశ్న, ఈ పనివలన లాభమెవరికి? అని. అరేబియా సముద్రపు 67 ముక్కలవలన ఆ మంద ప్రత్యేకమైనదని తెలిసినది. అది నశించినచో మరియొక సముద్రమునుండి వచ్చి ఆ చోటును నింపువారు లేరని తెలిసినది. వలలనుండియు ఓడలనుండియు దానిని కాపాడవలెనని వాదించువారి చేతికి ఆధారము దొరకినది. బిడ్డకు టీకావేయించు తల్లి బిడ్డను సరేయా యని యడుగదు. కాని టీకా వేయించినది తన పేరు పత్రికలో పడుటకు కాదు గదా! పత్రికలో పేరు పడుటకే బాణము వేయుచున్నవారుండినచో ఆ బాలిక ప్రశ్న వారికి గట్టిగా తగులును.

ఇది మనకు సంబంధింపని దూరదేశపు సంగతియని యెంచవలదు. లుబాన్ అను ఆడ మూపురపు తిమింగిలమునకు ఒమాన్ తీరమున 2017 నవంబరులో ఉపగ్రహయంత్రమును తగిలింపగా, అది అరేబియా సముద్రమును దాటి డిసెంబరులో గోవా చెంతకు వచ్చి, అక్కడనుండి దేశపు దక్షిణాగ్రమువరకు పోయి, మరల ఒమాన్ చేరినది. లుబాన్ అనగా అరబ్బీ భాషలో సాంబ్రాణివంటి పరిమళపు బంక. దాని తోకమీది మచ్చ ఆ బంక నిచ్చు చెట్టువలె నుండుటచే ఆ పేరు. మన దేశపు పడమటి తీరమును ఆ మంద యెరుగును. మనమే దాని నెరుగము.

మన తూర్పుతీరమునను అప్పుడప్పుడు తిమింగిలములు చచ్చి యొడ్డునకు కొట్టుకొని వచ్చుచుండును. శ్రీకాకుళము జిల్లా మేఘవరము తీరమునకు 2023 జూలైలో ఒకటి వచ్చెను. జనులు గుంపులుగా చేరి, మీదికెక్కి, ఛాయాచిత్రములు తీయించుకొని, సాయంకాలమునకు గోయి త్రవ్వి పూడ్చిపెట్టుట సాధారణముగా జరుగుచున్నది. ఆ కళేబరపు చర్మములో నున్న డి.ఎన్.ఏ. కూడ చదువదగినదే. విశాఖపట్టణమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారి శాఖ యున్నది. తీరగ్రామములనుండి వచ్చి మన వసతిగృహమున చదువుచున్న బాలురు సెలవులకు ఇంటికి పోయినప్పుడు అట్టిది కనబడినచో, రోగభయము కలదు గావున తాకక, అటవీశాఖవారికి వెంటనే కబురుపెట్టి, వారు వచ్చి ముక్క తీసికొనువరకు పూడ్చవద్దని ఊరి పెద్దలకు చెప్పవలయును. ఎండకు కుళ్ళుటకు ముందే కబురు పోవలెను. మొదటి దినముననే మేలు.